వాయిదా రోజు మనిషి ఉండాలి: రాజకీయ ఖైదీకి బయటి నుంచి తోడు నిలిచే పద్ధతి

"తీసుకెళ్ళారట." చాలాసార్లు వార్త ఇంతే వస్తుంది. ఎవరు తీసుకెళ్ళారో, ఎక్కడికో, ఏ కేసులోనో అందులో ఉండదు. ఆ మాట చివరి 'ట'ను తీసేయడం మీ మొదటి పని.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఉంటున్న మీకు తెలిసిన విద్యార్థి నాయకురాలో, కార్మిక సంఘం మనిషో, రచయితో జైలు పాలయ్యారనుకుందాం. మీరు వకీలు కాదు, పెద్ద నాయకులూ కాదు. అయినా చేయగలిగిన పని చాలా ఉంటుంది. నేనూ వకీలును కాను. ఒక మిత్రుడి కేసులో రెండేళ్ళకు పైగా కోర్టు వరండాకూ జైలు గేటుకూ మధ్య తిరిగినవాణ్ణి. ఇందులోని చట్టం సంగతులు వకీళ్ళ పక్కన కూర్చుని తెలుసుకున్నవి. మిగతావి పొరపాట్లు చేసి నేర్చుకున్నవి.

జైలు రిజిస్టరులో ఎవరి పేరు ఎదురుగానూ 'రాజకీయ ఖైదీ' అని రాయరు, సెక్షన్ల నంబర్లు రాస్తారు. పశ్చిమ బెంగాల్ 1992లో చేసిన జైళ్ళ చట్టం ఆ మాటకు చోటిచ్చింది. మన దగ్గర అది మనం పిలుచుకునే పిలుపు మాత్రమే. కాబట్టి హోదా గురించి వాదిస్తూ మొదటి రోజులు పోగొట్టుకోకండి.

మొదటి ఇరవై నాలుగు గంటలు

ఒంటరిగా వెళ్ళకండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు మాట్లాడండి, ఒకరు రాసుకోండి. ముందు ఆ ప్రాంతపు పోలీస్ స్టేషను, తర్వాత జిల్లా పోలీస్ కంట్రోల్ రూము. ఎన్ని గంటలకు వెళ్ళారు, ఎవరిని అడిగారు, ఏమన్నారు అన్నది అక్కడే రాసుకోండి. "మాకు తెలియదు" అన్న జవాబును కూడా సమయంతో సహా రాయండి. తర్వాత అవసరమయ్యేది ముఖ్యంగా అదే.

అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ స్మృతి) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 47వ సెక్షను ప్రకారం అరెస్టుకు కారణాలు చెప్పాలి, 48వ సెక్షను ప్రకారం బంధువుకో మిత్రుడికో తెలియజేయాలి. ఊపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో ఆ కారణాలు రాతపూర్వకంగానే ఇవ్వాలని ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరు మీ ఫోనులో రాసి పెట్టుకోండి. రాత్రి పదకొండు గంటలకు జ్ఞాపకశక్తి పనిచేయదు.

స్టేషనులో జవాబు రాకపోతే జిల్లా ఎస్పీకి, రాష్ట్ర మానవ హక్కుల కమిషనుకు వెంటనే ఈమెయిల్ పంపండి. వెనకటి తరం పౌరహక్కుల కార్యకర్తలు ఇలాంటి రాత్రి టెలిగ్రాం కొట్టేవారు. దాని మీద పడే వేళ, తేదీ కోర్టులో సాక్ష్యంగా నిలిచేవి. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది, కానీ ఆ కిటుకు పాతబడలేదు. ఈమెయిల్‌కూ వేళ, తేదీ ఉంటాయి. ఇరవై నాలుగు గంటలు దాటినా ఆచూకీ లేకపోతే అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషను, వేయాలి. మీరు రాసుకున్న ఆ 'తెలియదు'లన్నీ అప్పుడు అఫిడవిట్‌లోకి ఎక్కుతాయి.

మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం కోర్టులోనే జరగాలని లేదు, రాత్రి వేళ మేజిస్ట్రేటు ఇంటి వద్దా జరుగుతుంది. వకీలుతో పాటు మీలో ఒకరు బయట నిలబడండి. కొట్టి ఉంటే ఆ మాట మేజిస్ట్రేటుతో చెప్పవలసింది అరెస్టయిన మనిషే. ఆ సంగతి వకీలు ముందుగా చెవిలో వేయాలి. మనిషిని కస్టడీలో ఉంచమని పోలీసులు మేజిస్ట్రేటుకు ఇచ్చే రిమాండ్ రిపోర్టు నకలు తీసుకోవడం మర్చిపోకండి. పోలీసులు ఇల్లు సోదా చేస్తే పంచనామా నకలు అడగండి. ఫోనో కంప్యూటరో తీసుకెళ్తే దాని హ్యాష్ విలువ పంచనామాలో రాయమని పట్టుబట్టండి. అందులోని సమాచారానికి అది వేలిముద్ర లాంటిది. తర్వాత ఎవరైనా అందులో ఏదైనా చేర్చినా తీసేసినా ఆ అంకె మారిపోతుంది.

వకీలును పెట్టుకునే స్థోమత లేదంటే వెనకాడకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షనులో ఉంది. 15100కు ఫోను చేయవచ్చు, లేదా చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు. నా అభిప్రాయం అడిగితే, మొదటి బెయిలు పిటిషను వరకు వాళ్ళతో నడిపించి, ఈలోగా ఇలాంటి కేసులు చేసిన వకీలును వెతకండి. ఊపా కేసు మామూలు దొంగతనం కేసు లాంటిది కాదు.

రెండు వందల పేజీల నోటు పుస్తకం

నన్ను ఒక్క సలహానే ఇవ్వమంటే, నోటు పుస్తకం కొనమంటాను. గట్టి అట్టది. మొదటి పేజీలో క్రైం నంబరు, పోలీస్ స్టేషను, సెక్షన్లు, రిమాండ్ తేదీ, కోర్టు పేరు. కేసు కోర్టు కంప్యూటర్లోకి ఎక్కాక పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా తేదీ కనిపిస్తుంది. అయినా యాప్‌ను నమ్మి ఇంట్లో కూర్చోకండి, కోర్టు బెంచి క్లర్కును అడిగి పుస్తకంలో రాసుకోండి.

రోజులు లెక్కపెట్టడం మీ పని. వకీలుకు యాభై కేసులుంటాయి, మీకు ఒక్కటే. పదేళ్ళో అంతకు మించో శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు గడిచినా చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కోర్టుల్లో దీన్ని డిఫాల్ట్ బెయిలు అంటారు. ఊపా కేసులో కోర్టు అనుమతితో ఆ గడువు 180 రోజుల దాకా సాగుతుంది. లెక్క మొదలయ్యేది అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండ్ చేసిన రోజు నుంచి. గడువు ముగిసిన మర్నాడు ఉదయం కోర్టు తెరిచేసరికి పిటిషను వకీలు చేతిలో సిద్ధంగా ఉండాలి. మధ్యాహ్నం చార్జిషీటు వచ్చేస్తే, అప్పటిదాకా అడగని హక్కు చేజారిపోతుంది.

రెండో పేజీ, మూడో పేజీ ఖాళీగా వదిలిపెట్టండి. ఎందుకంటే పీటీ వారెంటు అనేదొకటి ఉంది. మనిషి ఒక కేసులో జైల్లో ఉండగానే ఇంకో ఊళ్ళోని పాత కేసులో అక్కడి కోర్టుకు హాజరుపరిచి అరెస్టు చూపిస్తారు. ఆ కేసుకు లెక్క మళ్ళీ మొదటి నుంచి. ఒక కేసులో బెయిలు వచ్చిందని మిఠాయిలు పంచిన రోజునే రెండో కేసు సంగతి తెలిసిన కుటుంబాలను చూశాను. అందుకే పాత కేసులన్నీ, పదేళ్ళ కిందటి ధర్నా కేసుతో సహా, మొదటి వారంలోనే ఆ మనిషిని అడిగి వకీలు చేత రాయించుకోండి.

ఊపా 43డి(5) గురించి కుటుంబానికి ముందే మెల్లగా చెప్పి ఉంచండి. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదంటుంది ఆ సెక్షను. ఏళ్ళ తరబడి విచారణ సాగకపోతే రాజ్యాంగ న్యాయస్థానాలు (హైకోర్టులు, సుప్రీంకోర్టు) బెయిలివ్వవచ్చని కేఏ నజీబ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు అన్నది నిజమే, కానీ అతను అప్పటికే అయిదేళ్ళకు పైగా లోపల ఉన్నాడు. "వచ్చే నెల వచ్చేస్తాడు" అని ఇంట్లోవాళ్ళకు ధైర్యం చెప్పడం మంచితనమే కావచ్చు. వచ్చే నెల వస్తుంది, ఆ తర్వాతి నెలా వస్తుంది, మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఏ జైలు, ఎంత దూరం

తిరుపతిలో సబ్‌జైలు, చిత్తూరులో జిల్లా జైలు ఉన్నాయి. అయితే పెద్ద కేసుల్లో మనిషిని దగ్గర్లోనే ఉంచుతారనుకోకండి. కడప, నెల్లూరు కేంద్ర కారాగారాల్లో ఏదో ఒకటి కావచ్చు. మహిళలకు కడపలోనూ రాజమండ్రిలోనూ ప్రత్యేక జైళ్ళున్నాయి. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) కేసయితే విచారణ ఇంకా దూరంలోని ప్రత్యేక కోర్టులో జరగవచ్చు. తిరుపతి నుంచి అది ఒక రాత్రి ప్రయాణం. అరవై దాటిన తల్లి నెలకు రెండుసార్లు ఆ ప్రయాణం చేయలేదు. ఎవరెవరు ఏ నెలలో తోడు వెళ్తారో ముందే పంచుకోండి. ఆ జాబితాలో అయిదుగురున్నా చాలు. యాభైమంది ఉన్న వాట్సాప్ గ్రూపు కన్నా ఆ అయిదుగురే నయం. గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు, బస్సు ఎక్కేది మళ్ళీ ఏ ఇద్దరో.

వాయిదా రోజు కోర్టుకు ఎవరో ఒకరు తప్పకుండా వెళ్ళాలి. చాలా వాయిదాల్లో ఏమీ జరగదు. ఎస్కార్టు (కాపలాగా వచ్చే పోలీసులు) దొరకలేదని ఖైదీని తీసుకురారు, లేదా వీడియోలో చూపించి ముగించేస్తారు. అయినా వెళ్ళండి. తెచ్చినప్పుడు వ్యాను దిగి మెట్లెక్కే ఆ నిమిషంన్నరలో వరండాలో తెలిసిన ముఖం కనిపించాలి. మా మిత్రుడు తర్వాత చెప్పాడు, వ్యాను జాలీలోంచి ముందు మా చెప్పులు వెతుక్కునేవాడట. ఆ ఎత్తు నుంచి మొదట కనిపించేవి అవేనట.

ములాఖత్

ములాఖత్ అంటే జైల్లో ఖైదీని కలవడం. ముందుగా ఈ-ములాఖత్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవచ్చు. కొన్నిచోట్ల గేటు దగ్గర కాగితం రాసిస్తేనే పని జరుగుతుంది. రెండింటికీ సిద్ధపడి వెళ్ళండి. ఆధార్ కార్డు, దాని జిరాక్సులు మూడు, పెన్ను, చిల్లర. ఫోను లోపలికి రానివ్వరు, ఎదుటి టీ దుకాణంలో దాచుకోవాలి. ఎన్ని రోజులకొకసారి, ఒకసారికి ఎంతమంది అన్నది శిక్ష పడినవారికి ఒక తీరు, విచారణ ఖైదీలకు మరో తీరు. మొదటిసారి వెళ్ళినప్పుడే జైలు కార్యాలయంలో అడిగి రాసుకోండి. గేటు దగ్గర "నేను చూసుకుంటాను సార్" అంటూ దళారి ఒకడు తారసపడతాడు. వాడికి రూపాయి కూడా ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు.

మొదటిసారి నేను ఆవకాయ సీసా పట్టుకెళ్ళి, మళ్ళీ పట్టుకొచ్చాను. ఇంటి వంట లోపలికి పోదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. సీసా టీ దుకాణం ఆమెకిచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్ళూ మా ఫోన్లు ఆమే జాగ్రత్తగా దాచింది.

లోపల ఇనుప జాలీకి అటు వరసగా ఖైదీలు, ఇటు వరసగా కుటుంబాలు. అందరూ ఒకేసారి మాట్లాడతారు కాబట్టి అందరూ అరుస్తారు. మా మిత్రుడి తల్లికి వకీలు ఒక ముఖ్యమైన ప్రశ్న అప్పజెప్పి పంపారు. బయటికొచ్చాక అడిగితే ఆమె నాలుక కరుచుకుంది. "గేదె ఈనిందని చెప్పాను నాయనా, దూడ పెయ్యదూడ అని చెప్పాను. అంతలో టైమైపోయిందన్నారు." నాకు కోపం వచ్చింది, పైకి అనలేదు. మూడు వారాల తర్వాత అతని ఉత్తరం వచ్చింది. మొదటి పేజీ అంతా ఆ దూడ గురించే, ఏం పేరు పెట్టారు, చుక్క ఉందా, పాలు సరిపోతున్నాయా అని. అప్పటి నుంచి మేము పని విడదీసుకున్నాం. కేసు సంగతులు వకీలు వెళ్ళినప్పుడే, ములాఖత్ సమయం పూర్తిగా ఇంటివాళ్ళదే. అసలు జాలీ దగ్గర కేసు మాట్లాడకూడదు కూడా. వినేవాళ్ళు అక్కడే ఉంటారు.

లోపలికి పంపగలిగేవి

ఉత్తరాలు రాయండి. ఇన్‌ల్యాండ్ లెటరు రెండున్నర రూపాయలు, పోస్టుకార్డు యాభై పైసలు. ఖైదీ పేరు, నంబరు, జైలు సూపరింటెండెంట్ ద్వారా అని చిరునామా. ప్రతి ఉత్తరమూ జైలువాళ్ళు చదివాకే చేతికందుతుంది. కాబట్టి కేసు ఊసు, సాక్షుల పేర్లు, మూడో మనిషి సంగతులు రాయకండి. అవి లేకుండా ఏం రాయాలంటారా? అలిపిరి దగ్గర వాన ఎలా పడింది, గంగ జాతరలో ఈసారి ఎవరు ఏ వేషం కట్టారు, మీ వీధిలో కొత్తగా తెరిచిన దోశల బండి, పిల్లలకు వచ్చిన మార్కులు. లోపల రోజుకూ రోజుకూ తేడా ఉండదు, తేడా ఉన్న లోకం నుంచి కబురు కావాలి. "ధైర్యంగా ఉండు" అని మాత్రం రాయకండి. ప్రతి ఉత్తరంలోనూ అదే ఉంటుంది. ప్రతి ఉత్తరానికీ నంబరు వేయండి. ఏడో ఉత్తరం అంది ఆరోది అందలేదంటే ఏది ఆగిపోయిందో తెలుస్తుంది.

పుస్తకాలు మెత్తటి అట్టవి, కొత్తవి, బిల్లుతో సహా పంపండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నిర్బంధంలో ఉన్న మనిషి పుస్తకం రాసి బయటికి పంపి అచ్చు వేయించుకోవచ్చని ప్రభాకర్ పాండురంగ కేసులో 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది శాస్త్ర గ్రంథం. తెలుగునాట ఈ జైలు హక్కుల చరిత్రకు ఇంకా దగ్గరి పేజీలున్నాయి. విశాఖ కేంద్ర కారాగారంలోని నక్సలైటు ఖైదీలు గోడ మీది కరెంటు తీగలను సవాలు చేస్తే, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని భువన్ మోహన్ పట్నాయక్ కేసులో 1974లో కోర్టు అంది. కోయిలకుంట్ల సబ్‌జైలు మీద 1977లో బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. ఖైదీ ప్రాణానికి ప్రభుత్వం జవాబుదారీ అని, పరిహారం కట్టాల్సిందేనని ఆ కేసులో 2000లో తీర్పు వచ్చింది. మన రాయలసీమ సబ్‌జైలు నుంచి వచ్చిన ఈ తీర్పును జైలు అధికారికి రాసే అర్జీలో పేర్కొనండి. అర్జీని ఒకటికి రెండుసార్లు చదువుతారు.

మందుల విషయంలో మొహమాటం వద్దు. జబ్బుల వివరం, వాడుతున్న మందులు, డాక్టరు చీటీలు, అన్నీ ఒక ఫైలుగా చేసి మొదటి వారంలోనే సూపరింటెండెంట్‌కు, కోర్టుకు ఇచ్చి రసీదు తీసుకోండి. భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన, పార్కిన్సన్స్ జబ్బున్న ఫాదర్ స్టాన్ స్వామి నీళ్ళు తాగే సిప్పర్ కోసం 2020లో కోర్టును అడుక్కోవలసి వచ్చింది. 2021 జూలై 5న కస్టడీలోనే, ఆసుపత్రిలో, చనిపోయారు. అదే కేసులోని గౌతమ్ నవలఖా కళ్ళద్దాలు పోతే ఇంటి నుంచి పంపిన కొత్త జతను జైలు తిప్పి పంపింది. అమలాపురం నుంచి వచ్చి ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన సాయిబాబా తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఏళ్ళ తరబడి నాగపూర్ జైల్లో ఉన్నారు. తల్లి చనిపోతే చివరి చూపుకూ వదల్లేదు. 2024 మార్చి 5న నిర్దోషిగా తీర్పు వచ్చి బయటపడి, ఆ అక్టోబరు 12న హైదరాబాదులో కన్నుమూశారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఒంట్లో బాగా లేకపోతే మధ్యంతర బెయిలు పిటిషనుకు కాగితాలు ముందే సిద్ధం చేసుకోమనేది ఇందుకే.

జైలు కార్యాలయంలో ఖైదీ పేరున డబ్బు జమ చేయవచ్చు. దాంతో క్యాంటీనులో సబ్బు, బిస్కెట్లు లాంటివి కొనుక్కుంటారు. నెలకింతని ఠంచనుగా పంపండి. ఒక నెల రెండు వేలు, మరు నెల సున్నా అయితే లోపల ఆ మనిషి ఎవరికో బాకీ పడతాడు.

ఇల్లు

అరెస్టయిన మనిషికి జైల్లో కూడెలాగో దొరుకుతుంది. ఇంట్లోవాళ్ళకు అద్దె, గ్యాసు, బడి ఫీజు ఉంటాయి. ఇంటి యజమాని మొదటి నెల సానుభూతి చూపిస్తాడు, రెండో నెల "మా తమ్ముడు వస్తున్నాడండీ" అంటాడు. కొత్త ఇల్లు వెతికిపెట్టడం, సామాను మోయడం, పిల్లవాడిని బడికి దించడం, బ్యాంకు ఖాతాలో పేరు మార్పించడం, ఇవన్నీ ఉద్యమం పనులే. సభలో మాట్లాడటానికి పదిమంది దొరుకుతారు, గ్యాసు బండ బుక్ చేయడానికి దొరకరు. ఆ ఇంటి గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు పలకరించడం మానేస్తారు. మీరు వారానికొకసారి పగటి పూట, నలుగురూ చూస్తుండగా వెళ్ళి కాసేపు కూర్చుని రండి. దాని విలువ ఆ ఇంటివాళ్ళకు తెలుస్తుంది.

డబ్బు సేకరణలో కళ్ళు తెరుచుకుని ఉండండి. ఖైదీకి న్యాయ సహాయం చేయడం, అతని కుటుంబానికి అన్నం పెట్టడం నేరం కాదు. ఉగ్రవాద సంస్థగా నిషేధించిన సంస్థకు డబ్బు పోగుచేయడం ఊపా 40వ సెక్షను కింద నేరం. ఈ రెండింటినీ కలిపి చూపించాలనుకునేవాళ్ళకు మీ లెక్కల్లో సందు దొరక్కూడదు. కుటుంబ సభ్యుల ఖాతాలోకే, బ్యాంకు ద్వారానే డబ్బు రావాలి. ఎవరిచ్చారు, ఎంత, దేనికి ఖర్చయింది, అన్నీ రాత మీద ఉండాలి. విదేశాల్లోని మిత్రులు పంపుతామంటే వకీలును అడగకుండా ఒప్పుకోకండి, విదేశీ విరాళాల చట్టం వేరే చిక్కు. చేతి నగదు అసలే వద్దు, అది అయిదు వందలే అయినా.

బయట మాట్లాడటం

సభ పెట్టాలంటే మన జిల్లాల్లో ఎప్పుడు చూసినా పోలీసు చట్టం 30వ సెక్షను అమల్లో ఉందంటారు. కాబట్టి తేదీ, వేళ, చోటు రాసి స్టేషనులో అర్జీ ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. అనుమతి రాకపోతే ప్రెస్ క్లబ్బులో విలేకరుల సమావేశం పెట్టండి. కరపత్రం ఒక్క పేజీ దాటొద్దు. అందులో మనిషి ఎవరు, ఏం పనిచేశారు, ఎన్ని రోజులుగా లోపల ఉన్నారు, ఏం అడుగుతున్నాం, అంతే. రుజువు చేయలేని ఆరోపణ ఒక్కటి రాసినా మిగతా పేజీ అంతా దాని కిందికే పోతుంది. సాక్షుల పేర్లు రాయకండి, వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వకీలుకు చూపించకుండా ఏదీ అచ్చుకు ఇవ్వకండి. ఖైదీకి ఇష్టం లేకపోతే ప్రచారమే వద్దు. బాధ పడేది వాళ్ళు, నిర్ణయం వాళ్ళదే.

పక్క బ్యారక్‌లోని మనిషి

నాలుగైదు నెలలు తిరిగాక మీకొకటి కనిపిస్తుంది. గేటు దగ్గర మీరొక్కరే చదువుకున్నవాళ్ళు. ఒక ఉదయం నా పక్కన తిరువణ్ణామలై వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, చేతిలో గుడ్డ సంచి, తెలుగు ములాఖత్ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు ఎర్రచందనం కేసులో లోపల ఉన్నాడు. కాగితం రాసిపెట్టాను. నాకు వచ్చిన తమిళం తిరుపతి బస్టాండు తమిళం, అది చాలింది. కేసు నంబరు అడిగితే తెలియదంది. వకీలు ఎవరంటే తెలియదంది. ఎన్నాళ్ళయిందంటే వేళ్ళు చూపించింది, ఏళ్ళో నెలలో నాకు అర్థం కాలేదు.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఇరవైమంది తమిళ కూలీలను కాల్చి చంపినప్పుడు దేశమంతా మాట్లాడింది. ప్రాణాలతో పట్టుబడి జైళ్ళలో ఉన్నవారి గురించి ఎవరూ అంతగా మాట్లాడలేదు. దేశంలో 2022 చివరికి జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వంద మందిలో డెబ్భై అయిదుగురికి పైగా ఇంకా ఏ నేరమూ రుజువు కానివారు. మీ మిత్రుడి కోసం మీరు నేర్చుకున్న ప్రతి పనీ ఈ మనుషులకు మరింత సులువుగా పనికొస్తుంది. విచిత్రమేమంటే, మీ మిత్రుడికి అక్కరకు రాని చట్టాలు కూడా వీళ్ళకు వస్తాయి.

నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను తీసుకోండి. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపిన విచారణ ఖైదీని బెయిలు మీద వదలాలి. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారయితే మూడో వంతు గడిపినా చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులుంటే కూడా వర్తించదు, అందుకే రాజకీయ ఖైదీలకు దీనివల్ల ఒరిగేది తక్కువ. కొత్త చట్టానికి ముందు అరెస్టయినవారికీ ఈ సెక్షను వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి జిల్లాలోనూ జిల్లా జడ్జి అధ్యక్షతన కలెక్టరు, ఎస్పీ కూడా ఉండే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ఉంటుంది. ఫలానా ఖైదీ గడువు దాటాడని న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఒక పేజీ అర్జీ ఇవ్వండి. అందులో మీ కవిత్వం అక్కర్లేదు, రిమాండ్ తేదీ, సెక్షను, గరిష్ఠ శిక్ష, ఈ మూడు చాలు.

బెయిలు వచ్చినా బయటికి రాలేనివారు మరికొందరు. జామీనుదారులు దొరకరు. దొరికినా వాళ్ళది వేరే జిల్లా, వేరే రాష్ట్రం. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు సరిగ్గా ఇదే. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని జామీను కాదన్నారు. అది చెల్లదని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. చిత్తూరు లాంటి సరిహద్దు జిల్లాలో ఈ తీర్పు నకలు జేబులో ఉండాలి. పూచీకత్తు కట్టలేని పేదలకు కేంద్రం 2023లో ఒక పథకం పెట్టింది, అప్పట్లో విచారణ ఖైదీకి నలభై వేల దాకా ఇస్తామంది. అదీ ఊపా కేసులకు లేదు. పక్క బ్యారక్ మనిషికి ఉంది.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో జైలును ప్రశ్నించండి. సామర్థ్యం ఎంత, ఉన్నది ఎందరు, డాక్టరు వారానికి ఎన్ని రోజులు వస్తారు, ఎస్కార్టు లేక గత ఏడాది ఎన్ని వాయిదాలు తప్పాయి, సమీక్ష కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది. జవాబుకు ముప్ఫై రోజులు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలే. కులాన్ని బట్టి పని పంచడం, జైలు రిజిస్టరులో కులం గడి ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో తీర్పు వచ్చింది. మీ జైల్లో ఆ గడి తీసేశారా అని అడగండి. ఈ ప్రాంతానికి ఆ ప్రశ్న ఊరికే పోదు. బ్రిటిషు కాలపు నేరస్థ తెగల చట్టం పేరుతో పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన ఎరుకలవారు మన చుట్టూ ఉన్నారు. 1952లో ఆ చట్టం పోయినా, దొంగతనం జరిగిన రాత్రి స్టేషనువాళ్ళు ముందుగా తట్టే గుడిసెలు ఎవరివో అడిగి చూడండి.

జైళ్ళే ఉండకూడదా, బాగుపడితే చాలా అన్న వాదన మా మధ్య చాలా రాత్రులు నడిచింది, తెగలేదు. నా మటుకు నాకు, ఆ డెబ్భై అయిదుగురూ బయటికొచ్చాక మిగిలిన గోడల గురించి మాట్లాడుకోవచ్చు. అంతవరకు ఒక్కొక్క అర్జీ.

విడుదల సాయంత్రం

బెయిలు ఉత్తర్వు, జామీనుల పరిశీలన, విడుదల ఆదేశం, ఇవన్నీ దాటి జైలుకు చేరేసరికి సాయంత్రమవుతుంది. ఆ రోజు జైలుకు చేరేలోగా మధ్యాహ్నమే వకీలు చేత పెండింగు పీటీ వారెంటు ఏదైనా ఉందేమో వాకబు చేయించండి. గేటు దగ్గర కనీసం నలుగురు, అందులో ఒకరు వకీలు. కొత్త కేసులో మళ్ళీ పట్టుకుంటే వెంటనే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి, నోటు పుస్తకం తోడు తీసుకెళ్ళండి. బండి మాట్లాడి పెట్టుకోండి, చార్జింగ్ ఉన్న ఫోను, మంచినీళ్ళ సీసా, ఇంటి నుంచి అన్నం. పూలదండలు, నినాదాలు వద్దనను, కానీ ముందు ఆ మనిషిని అడగండి. బెయిలు షరతులు బండిలోనే చదివి వినిపించండి. ఏ రోజు ఏ స్టేషనులో సంతకం పెట్టాలి, ఏ ఊరు దాటకూడదు.

ఇంకొకటి, మేము మర్చిపోయినది. మా మిత్రుడు చిన్న తలుపులోంచి వంగి బయటికొచ్చినప్పుడు ఒంటి మీద మేమిచ్చిన చొక్కా, చేతిలో పుస్తకాల మూట, కాళ్ళకు ఏమీ లేవు. అరెస్టయిన రోజు వేసుకున్న చెప్పులు రెండేళ్ళలో ఎక్కడో పోయాయి. టీ దుకాణం ఆమె తన కొడుకు హవాయి చెప్పులు తెచ్చి ముందు పెట్టింది, రెండు అంగుళాలు చిన్నవి. మడమలు నేలకు తగులుతుంటే అలాగే వచ్చి బండెక్కాడు. కొత్త జత తీసుకెళ్ళండి, సైజు ముందే ఉత్తరంలో అడిగి తెలుసుకోండి.